సుబేదారు హద్దు

ఆదోనికి పత్తికొండ దూరము కాదు. దత్తమండలముల తొలి ప్రధాన కలెక్టరగు తామస్ మన్రో 1827 జూలై 6వ తేదీన కలరా జాడ్యమున మరణించినది అచ్చటనే. 1780లో కంపెనీ సైన్యమున క్యాడెట్టుగా చేరి, తుదకు మదరాసు గవర్నరైనవాడతడు. దేశీయుడు సైన్యమున సుబేదారు పదవిని మించి పోజాలడనియు, ఆ సుబేదారైనను అందఱికంటె చిన్నవాడైన ఆంగ్లేయాధికారికి సైతము మిక్కిలి దిగువవాడనియు 1817లో గవర్నరు జనరలు హేస్టింగ్సునకు జాబు వ్రాసెను. తానెక్కిన మెట్లు ఈ దేశమువారికి లేవని ఒప్పుకొన్న ధర్మబుద్ధి యతనిది. ఆ మెట్లు మన దేశముననే కట్టబడుటకు మఱి 115 ఏండ్లు పట్టెను.

సిపాయిలకు కొఱత యుండెనా? లేదు. ఉత్తరదేశమున సిపాయికి ‘తిలంగా’ యను పేరే వ్యాపించెను. అయినను 1881 మొదలు 1885 వఱకు మదరాసు సేనాధిపతియైన రాబర్ట్సు, దక్షిణాదివారిలో శౌర్యము నశించినదని తలచి, పిదప సర్వసేనాధిపతియై, ఉత్తరాది ‘వీరజాతుల’నే చేర్చుకొను పద్ధతిని బలపఱచెను. పుట్టుకనుబట్టి యోగ్యత నిర్ణయించు దోషము మన యింటిలోనిదే. దానికి దొరలు సైనికవేషము తొడిగిరి.

1901లో కర్జను ప్రభువు క్యాడెట్ల దళమొకటి స్థాపించెను. అది రాజకుమారులకు, వారి కమిషనుకు తెల్ల సిపాయిలపై అధికారము లేదు. మొదటి మహాయుద్ధమున దేశీయుల నెత్తురు ధారవోసిన పిమ్మట, 1917లో తొమ్మండుగురికి రాజకమిషనులును, 1918లో ఇంగ్లండులోని శాండ్‌హర్స్టు విద్యాలయమున ఏటేట పది స్థానములును లభించెను. ఇందూరులో శిక్షణ పొంది కొడగువాడగు కరియప్ప 1919లో అధికారి యయ్యెను. కాని 1923లో దేశీయాధికారులను ఎనిమిది దళములకే పరిమితము చేసిరి. తెల్లవాడు నల్లవాని యాజ్ఞకు లోబడవలసి వచ్చునన్న భయమే దానికి మూలము.

1925లో ఏర్పడిన స్కీను సంఘమున మోతీలాలు నెహ్రూ, జిన్నా సభ్యులు. నెహ్రూ పిదప రాజీనామా నిచ్చెను. 1933 నాటికి ఇచ్చటనే విద్యాలయము పెట్టవలెనని సంఘము చెప్పగా, ప్రభుత్వము జాగు చేసెను. తుదకు రౌండు టేబిలు సభ పిమ్మట, దెహరాడూనులోని రైల్వేవారి భవనములలో 1932 అక్టోబరు 1వ తేదీన భారత సైనిక విద్యాలయము తెఱవబడెను. డిసెంబరు 10వ తేదీన సర్వసేనాధిపతి చెట్‌వుడ్ దానిని ప్రారంభించుచు, దేశక్షేమము ముందు, సిపాయిల సుఖము తరువాత, అధికారి తన సుఖము కడపటిదని బోధించెను. తొలి నలుబదిమందిలో పదునైదుగురు పోటీపరీక్షవలనను, పదునైదుగురు సైన్యమునుండియు, పదుగురు సంస్థానములనుండియు వచ్చిరి. వారిలో మానెక్‌షా, ముసా, స్మిత్ డన్ అనువారు కాలక్రమమున భారత, పాకిస్తాను, బర్మా సైన్యములకు అధిపతులైరి. శిక్షణ కలిగినచో శౌర్యము ఏ యొక్క కులపు సొత్తును కాదని తేలినది.

అయినను హద్దులన్నియు నాడే చెఱగలేదు. మొన్న నా తరగతిలో ఎమ్మిగనూరు చేనేతవారి బాలిక యొకతె, “అయ్యా, ఆ పరీక్షకు నేను కూర్చుండవచ్చునా?” యని యడిగెను. ఖడక్‌వాస్లా జాతీయ రక్షణ విద్యాలయమున బాలికలకు ప్రవేశము 2022లోనే కలిగెను. అదియు సర్వోన్నత న్యాయస్థానము కలుగజేసికొన్న మీదట. “కూర్చుండవచ్చునమ్మా” యంటిని. వెనుక బల్లపై బాలురు కొందఱు నవ్విరి. మన్రో కాలపు హద్దు ఇంకను ఎచ్చట మిగిలియున్నదో నాకు బోధపడినది.