నవలల ప్రూఫులు దిద్దుట : పదశుద్ధి, వాక్యశుద్ధి

గ్రంథమున దొరలు దోషములు రెండు తెఱఁగులవి. భాషలో నెన్నఁడును లేని శబ్దము పుటపైఁ గానవచ్చుట మొదటిది. భాషలోఁ గలదియు, నిర్దుష్టమైనదియు నగు శబ్దమే తనది కాని తావునఁ గూర్చుండుట రెండవది. మొదటిదానిని నిఘంటువు పట్టి యిచ్చును. రెండవదానిని పట్టి యీయఁజాలకపోవుటయే కాక, దాని పక్షమున సాక్ష్యము పలికి కాపాడును. నేఁడు కంప్యూటరు చేయు అక్షరదోషపరీక్ష మొదటి తెగకుఁ జెందిన తప్పులను ఱెప్పపాటున నెఱ్ఱని గీటులతోఁ జూపుచున్నది. గీటులన్నియు తొలఁగినంతనే తమ ప్రతి శుద్ధమయ్యెనని నమ్మి, క్రొత్తగా కథలు వ్రాయువారు పలువురు దానిని అచ్చునకుఁ బంపుచున్నారు. ఈ నమ్మిక యెంతవఱకుఁ జెల్లునో తెలియుటకు, వ్రాఁత దిద్దు విద్య మనదేశమున నడచిన త్రోవను పరిశీలింపవలసి యున్నది.

అక్షరములన్నియు సరిగా నుండఁగా అర్థము తలక్రిందగుట మన శాస్త్రకారులకు క్రొత్త విషయము కాదు. పతంజలి మహాభాష్యారంభమున వ్యాకరణాధ్యయన ప్రయోజనములను జెప్పుచు వృత్రుని కథను స్మరించెను. ఇంద్రుని జంపఁగల పుత్త్రునిఁ గోరి త్వష్ట హోమము చేసెను. 'ఇంద్రశత్రు' శబ్దమును తత్పురుషముగా నంతోదాత్తమున నుచ్చరింపవలసి యుండఁగా, ఆద్యుదాత్తముగాఁ బలుకుటచే నది బహువ్రీహి యయ్యెను. ఇంద్రుని జంపువాఁడు కావలసినవాఁడు ఇంద్రుఁడే చంపువాఁడుగాఁ గలవాఁడై యీల్గెను. అక్షర మొక్కటియు మాఱలేదు. స్వరము మాత్రము మాఱినది.

స్వజనము శ్వజన మగుటయు, సకలము శకల మగుటయు, సకృత్తు శకృత్తగుటయు వ్యాకరణ మెఱుఁగనివానికిఁ గలుగు ముప్పులుగా నొక ప్రసిద్ధ సుభాషితమునఁ జెప్పఁబడినవి. దానిచే బంధువు కుక్క యగుచున్నాఁడు. సమస్తము ముక్క యగుచున్నది. 'ఒకమాఱు' అనునది పేడ యగుచున్నది. ఈ యాఱు శబ్దములును సాధువులే. ఏ కోశమును వీనిలో నొక్కదానినైనను ద్రోసిపుచ్చదు. పూర్వులు భయపడిన దోషము అపశబ్దము మాత్రమే కాదనియు, తావు తప్పిన సుశబ్దమునకును వారు వెఱచిరనియు దీనివలన స్పష్టము.

వేదమును గాపాడినవా రీ ప్రమాదము నెఱిఁగియే సంహితాపాఠ మొక్కదానితోఁ దృప్తిపడలేదు. శాకల్యుఁడు ఋక్సంహితను పదములుగా విడఁదీసి పదపాఠ మేర్పఱచెను. క్రమ, జటా, ఘన పాఠములు దానిపై వెలసినవి. ఘనపాఠమున మొదటి రెండు పదములను ముందునకును వెనుకకును జెప్పి, మూఁడవదానిని జేర్చి మఱల ముందునకును, వెనుకకును, ముందునకును జెప్పుదురు. అలవాటుపడిన నాలుక అర్థమువెంటఁ బరుగిడి పదమును మ్రింగివేయుట కిందు వీలులేదు. నేఁడు ప్రూఫులు దిద్దువారు కొందఱు పుటను తుదినుండి మొదటికిఁ జదువుటయందును ఈ యుక్తియే కలదు.

వేదమున కున్న యీ రక్షణము లౌకికగ్రంథములకు లేదు. తాటియాకుపై గంటముతో వ్రాయు లేఖకుఁడు మాతృకను జూచి వ్రాయును, లేదా యొకఁడు చదువుచుండఁగా విని వ్రాయును. పదములనడుమ నెడము లేని యా వ్రాఁతలో నొక పంక్తినుండి వేఱొక పంక్తికి దాఁటుటయు, ఒకే పదముతో మొదలగు రెండు వాక్యములలో నొకదానిని వదలుటయు సులభముగా జరుగును. విడిచిన యక్షరమును దరువాతఁ గనుఁగొన్నచో హంసపాద ముంచి పైనఁగాని క్రిందఁగాని చేర్చుట యాచారము. ప్రతి ముగించి, మాతృక యెట్లున్నదో యట్లే వ్రాసితిననియు, తప్పులున్నచోఁ బెద్దలు దిద్దుకొనవలయుననియు వేఁడు లేఖకుల విన్నపములు గ్రంథాంతములందుఁ దఱచు కానవచ్చును. దిద్దుట చదువరి ధర్మమని నాఁటి సంప్రదాయము.

ఈ దిద్దుబాటును శాస్త్రీయముగా నడపినవారిలోఁ జార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798-1884) ముఖ్యుఁడు. ఆయన కడపలోఁ దన స్వంతద్రవ్యముతోఁ బండితులను బోషించి, ఒక్కొక్క గ్రంథమునకుఁ బెక్కు ప్రతులను సంపాదించి, వానిని పోల్పించి, పాఠభేదములను గుర్తింపించి శుద్ధప్రతులను వ్రాయించెను. వేమన పద్యములు 1829 లో నచ్చుపడినవి. జూలూరి అప్పయ్య వ్యాఖ్యతోడి వసుచరిత్రము 1844 లోను, మనుచరిత్రము 1851 లోను వెలువడినవి. ఈ పనిలో బ్రౌను పండితులకు మూఁడు సహాయములు కలవు. ఒక ప్రతి తప్పినచోట మఱియొక ప్రతి యొప్పును జూపును. యతిప్రాసలును గణములును జెడినచోఁ బద్యమే తన గాయమును దెలుపును. అంతటఁ దీఱని సంశయమును వ్యాఖ్య తీర్చును.

అచ్చు వచ్చినపిదప దోషముల స్వభావము మాఱినది. తెలుఁగు గ్రంథము లైరోపాలో 1746-47 నాఁటికే, జర్మనీలోని హాలే నగరమున బెంజమిన్ షుల్ట్జ్ చేత నచ్చొత్తింపఁబడినవి. వంగదేశమందలి శ్రీరామపురమున 1812 లో జరిగిన యగ్నిప్రమాదమునఁ దెలుఁగు అచ్చు అక్షరములును గరఁగిపోయినవి. మఱల నక్షరములు పోఁతపోయించి విలియం కేరీ తన తెలుఁగు వ్యాకరణమును 1814 లోఁ బ్రకటించెను. పిమ్మటఁ జెన్నపట్టణము తెలుఁగు ముద్రణమునకుఁ బట్టుగొమ్మ యయ్యెను. లేఖకుని చేయి చేసిన తప్పు ఒక ప్రతికే పరిమితము. అచ్చుకూటమున నక్షరములు కూర్చువాఁడు చేసిన తప్పు వేయి ప్రతులకు వేయి తప్పులగును. అందుచేతనే ముందుగా నొక కాగితముపై నచ్చు తీసి దిద్దెడి పద్ధతి, అనఁగాఁ బ్రూఫు, ముద్రణముతోడఁ బుట్టినది. అప్పటికిని మిగిలిన వానిని తప్పొప్పుల పట్టికగా గ్రంథమున కంటింతురు.

ఈ పనిలో నొకఁడు మూలమును బిగ్గఱగాఁ జదువుటయు, వేఱొకఁడు ప్రూఫును జూచుచు దిద్దుటయు వాడుక. కన్నును జెవియు నొకదాని కొకటి కావలి యుండునని దీని భావము. కాని యీ రెండును మోసపోవు తావులు కలవు. ఏఁడు (సంవత్సరము), ఏడు (సంఖ్య). నాఁడు (దినము), నాడు (దేశము). వేఱు (అన్యము), వేరు (చెట్టుది) అను జంటలకు భేదము నాఁటి యచ్చులోఁ గలదు. చదువువాని పలుకులో లేదు. ఇచటఁ జెవి యోడును. పేరు వేరగుటయు, మామ మాయ యగుటయు, విధి వీధి యగుటయుఁ గంటిని వంచించును. గుడి విఱిగినచో శివము శవమే యగును. పైవానిలోఁ బ్రతి రూపమును సాధువే కనుక, ఆ శబ్ద మున్నదా లేదా యని విచారించుటవలనఁ బ్రయోజనము లేదు. ఆ శబ్ద మచట నుండఁదగునా యని విచారింపవలయును.

ఇట్టి స్థితిలో నవల తెలుఁగున నవతరించినది. కందుకూరి వీరేశలింగము రాజశేఖర చరిత్రము 1878 లో వివేకవర్ధనిలో వెలువడి, 1880 లోఁ బుస్తకరూపముఁ దాల్చెను. 1890 దశకమున న్యాపతి సుబ్బారావు పంతులు చింతామణి పత్రికద్వారా నవలల పోటీలను జరపి బహుమానము లొసఁగెను. నాఁడు ఉపాధ్యాయుఁడుగా నున్న చిలకమర్తి లక్ష్మీనరసింహము రామచంద్రవిజయమునకు 1894 లో బహుమతి నందెను. 1906 లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలియు నవలల పోటీలను నడపెను. 1934 నాఁటి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలకును, అడివి బాపిరాజు నారాయణరావునకును బహుమతిని బంచి యిచ్చిరి. బహుమతి పొందిన యొక్కొక్క నవల వెనుక, వేఱు వృత్తులతో జీవించుచు తీఱిక వేళలఁ గథ కూర్చినవారి ప్రతు లెన్నో యుండియుండును.

ఈ నవలల ప్రతులకు ప్రాచీనకావ్యములకున్న మూఁడు సహాయములును లేవు. పోల్చి చూచుటకు రెండవ ప్రతి లేదు. గద్యమగుటచే యతిప్రాసలు కావలి కాయవు. వ్యాఖ్యాత యెట్లును లేఁడు. చూపు మందగించిన చిలకమర్తివలెఁ జెప్పి వ్రాయించువారి విషయమున వినికిడి దోషములు కూడఁ జేరును. వేయిపడగలను విశ్వనాథ చెప్పుచుండఁగా ఆయన తమ్ముఁడు వెంకటేశ్వర్లు వ్రాసెనని ప్రసిద్ధి. నవలకుఁ గల యొక్క సాక్షి రచయిత మనస్సు. ఆ సాక్షియు నమ్మఁదగినవాఁడు కాఁడు. ఏలయనఁగా, తాను వ్రాయఁదలఁచినది రచయితకు ముందే తెలియును గనుక, పుటపై లేని పదమును గూడ నాతఁ డున్నట్లే చదువుకొనును. కావుననే మన వాఙ్మయమున దిద్దుబాటు మిక్కిలి యవసరమైనదియు, దానికి సాధనములు మిక్కిలి తక్కువైనదియు నవలయే.

సాధనము బయట లేనప్పుడు వాక్యమునందే వెదకవలయును. శాబ్దబోధమునకు మన శాస్త్రములు చెప్పిన కారణములు ప్రూఫు దిద్దువానికి నాలుగు ప్రశ్నలుగా నుపకరించును. మొదటిది ఆకాంక్ష. క్రియ కోరిన కర్త వాక్యమునఁ గలఁడా? 'అతఁడు' అన్నప్పుడు, ముందు వాక్యమున నిద్దఱు పురుషులున్నచో, ఎవ్వఁడు? రెండవది సన్నిధి. కలియవలసిన పదములు దగ్గఱ నున్నవా, లేక నడుమఁ జొచ్చిన విశేషణము వేఱొకదాని కంటుకొన్నదా? మూఁడవది యోగ్యత. 'నిప్పుతోఁ దడుపుచున్నాఁడు' అనునది దీనికి శాస్త్రకారులు చూపు ప్రత్యుదాహరణము. అందలి పదములన్నియు సాధువులే, అర్థము మాత్రము పొసఁగదు. నాలుగవది తాత్పర్యము. చెప్పఁదలఁచినదియు, చెప్పఁబడినదియు నొక్కటియేనా?

కథలలో యోగ్యతాభంగము వాక్యమును దాఁటి ప్రకరణములలోనికిఁ బ్రాకును. శుక్లవిదియనాఁటి యర్ధరాత్రమున నాయిక వెన్నెలలో నడచినదని వ్రాసినచో, వ్యాకరణమునకు లోటు లేదు. కాని విదియచంద్రుఁడు ప్రొద్దుగ్రుంకిన కొంతసేపటికే క్రుంకును. నడిరేయి చంద్రోదయము కావలెనన్నచో బహుళాష్టమిని జెప్పవలయును. మేనత్తకొడుకును కథానాయకుఁడు మూఁడవ ప్రకరణమున 'బావా' యనియు, పదవ ప్రకరణమున 'అన్నా' యనియుఁ బిలిచినచో, పదములు రెండును నిర్దుష్టములే, వావి తప్పినది. ఆ వావిపైఁ బెండ్లి కథ నడచుచున్నచో గ్రంథమే కూలును. ఇట్టివానిని బట్టుటకుఁ బాత్రల పేళ్లు, వయస్సులు, వావివరుసలు, తిథివారములు, ఊళ్లనడుమ దూరములు నొక పట్టికగా వ్రాసికొని, ప్రకరణము లన్నిఁటితోఁ బోల్చిచూచుట తప్ప వేఱుపాయము లేదు. బ్రౌను పండితులు ప్రతిని ప్రతితోఁ బోల్చినట్లు, నవల దిద్దువాఁడు నవలను నవలతోనే పోల్పవలయును.

దీనికి విపరీతమగు దోషము మఱియొకటి కలదు. ఒప్పును దప్పని దిద్దుట. గురజాడ అప్పారావు కన్యాశుల్కము 1897 లోను, మిక్కిలి పెంచిన రెండవకూర్పు 1909 లోను వెలువడినవి. అందు బ్రాహ్మణగృహముల పలుకు వేఱు, వేశ్య పలుకు వేఱు, ఇంగ్లీషు చదివిన గిరీశము పలుకు వేఱు. అది నాటకమైనను, మనుష్యులు మాటలాడు ప్రతి కథకు నందొక పాఠము కలదు. కోశమున లేదను నెపముతో నా రూపములను దిద్దినచో శబ్దములు మిగులును, మనుష్యులు మాయమగుదురు. గిడుగు రామమూర్తి (1863-1940) వాదముతో నేకీభవింపని పండితులును ఆయన చూపిన యొక సత్యమును గాదనలేకపోయిరి: నియమములు చేసినవారి వ్రాఁతలలోనే నియమభంగములు కలవు. దిద్దువాఁడు ముందుగా రచయిత యే భాషను, ఏ పాత్రకు, ఏల యెంచుకొనెనో తెలిసికొని, ఆ కొలఁతతోనే యాతని కొలువవలయును. తన రుచిని ఇతరుని గ్రంథమునఁ జొప్పించుట దిద్దుబాటు కాదు.

యంత్రపరీక్ష విషయ మిప్పుడు తేటపడును. రాల్ఫ్ గోరిన్ 1971 లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునఁ గంప్యూటరునకై యక్షరదోషపరీక్షను నిర్మించెను. 1991 నాఁటి యూనికోడు మొదటి కూర్పుననే తెలుఁగు లిపికి స్థానము లభించుటచే, మన భాషకును నట్టి పరీక్ష క్రమముగా సాధ్యమైనది. వీని మూలసూత్రము పదమును జాబితాతోఁ బోల్చుట. ప్రత్యయములును సంధులును జేరి యొక్క ప్రాతిపదికకే లెక్కకు మిక్కిలి రూపము లేర్పడు తెలుఁగున నా జాబితా యెన్నఁటికిని నిండదు. కావున సాధుసంధులకును నెఱ్ఱగీటు పడును. పేరునకు బదులు వేరు పడినచో గీటు పడదు. ఇరుగుపొరుగు పదములను గూడఁ జూచి సూచనలు చేయు క్రొత్త యంత్రములును వచ్చినవి. ఉపయోగమునఁ దక్కువవి కాకపోయినను, మేనత్తకొడుకు అన్న కాఁడని యడుగు బాధ్యత వానిది కాదు, అది చదువరిది.

కావున దిద్దుబాటునకుఁ దగిన క్రమ మిది: మొదటి పఠనము కథార్థమునకు, రెండవది పట్టికతోఁ బోల్చుటకు, మూఁడవది బిగ్గఱగా, వాక్యముల నడకకు, కడపటిది యక్షరములకు. యంత్రపరీక్షకుఁ దావు నాల్గవదానిలోనే. అక్షరములతో మొదలిడినవాఁడు, తరువాతఁ గొట్టివేయఁబడు వాక్యములను మెఱుఁగుపెట్టి కాలమును గోలుపోవును. వీనిలో నొక్క పఠనమైనను గథను మున్నెఱుఁగని యితరునిచేఁ జేయింపవలయును. ఆతనికి రచయిత మనస్సులోని ప్రతి కానరాదు, పుటపైనున్నదే కనఁబడును.

పేరుపొందిన కవి గ్రంథమునఁ దప్పు కనఁబడినచో లోకము దానిని లేఖకునిపైఁ ద్రోయును, పాఠాంతరము వెదకును, నూఱేండ్లకైనను బరిష్కరించును. పేరు లేనివాని తొలి నవలకు నట్టి భాగ్యము లేదు. దానిని రెండవమాఱు పరిష్కరించువాఁడు పుట్టఁడు. వావి తప్పిన పుటయొద్ద చదువరి పుస్తకమును మూసివేయును. తరువాతి పుటలో నెంత మంచి కథయున్నను వ్యర్థమగును. ఆ కథ చదువరిని జేరవలెనన్నచో, పరిష్కారము మొదటి యచ్చునకు ముందే జరుగవలయును.