దస్తావేజు పుస్తకం నుంచి కంప్యూటర్‌కు: చిత్తూరు–తిరుపతి ప్రాంత రిజిస్ట్రేషన్ రికార్డుల బదిలీ, ప్రవేశాధికారాలు

వ్యాససంగ్రహం:
కొత్త సాఫ్ట్‌వేర్‌ను స్థాపించేటప్పుడు పాత సమాచారాన్ని నష్టం లేకుండా తరలించడం, ఎవరికి ఏ మేరకు అధికారం ఉండాలో నిర్ణయించడం ప్రధాన సమస్యలు. ఈ రెండింటికీ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే నియమాలున్నాయి. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల పాలనా చరిత్ర నేపథ్యంలో ఆ నియమాలను, 1998 నాటి కంప్యూటరీకరణను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రిజిస్ట్రేషన్ చట్టం, దస్తావేజు, ఈసీ, సమాచార బదిలీ, ప్రవేశాధికారం, చిత్తూరు, తిరుపతి.

1. ఉపోద్ఘాతం:
రిజిస్ట్రేషన్ చట్టం వచ్చిన 1908లో తిరుపతి మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాకు చెందినది. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. 1960 ఏప్రిల్ 1న జరిగిన సరిహద్దు మార్పుల్లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళగా, సత్యవేడు ప్రాంతం చిత్తూరు జిల్లాలో చేరింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి ప్రత్యేక జిల్లా అయింది. సత్యవేడు అందులో భాగమైంది. సత్యవేడులో కదలని ఒకే పొలానికి సంబంధించిన పత్రపరంపర ఈ విధంగా రెండు రాష్ట్రాల పాలనలో రూపొందింది. ఆ పరంపర తెగకుండా నిలవడంపైనే రైతు హక్కు నిరూపణ ఆధారపడుతుంది.

2. చట్టంలో ప్రవేశాధికారాలు:
స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలోనూ, వీలునామాలు 3వ పుస్తకంలోనూ, ఇతర పత్రాలు 4వ పుస్తకంలోనూ నమోదవుతాయి. 57వ సెక్షన్ ప్రకారం రుసుము చెల్లించినవారెవరైనా 1వ పుస్తకాన్ని చూడవచ్చు. వీలునామా నకలు మాత్రం రాసిన వ్యక్తి జీవించి ఉన్నంతకాలం ఆ వ్యక్తికి, లేదా ఆ వ్యక్తి ప్రతినిధికి మాత్రమే లభిస్తుంది; మరణానంతరం కోరినవారికి ఇస్తారు. 3, 4 పుస్తకాలలో వెదికే అధికారం రిజిస్టరింగ్ అధికారిది మాత్రమే. చూడటం, వెదకడం, నకలు పొందడం వేరువేరు అధికారాలని చట్టం ఈ విధంగా గుర్తించింది.

రాసే అధికారంపై నియంత్రణ మరింత కఠినమైనది. 16వ సెక్షన్ ప్రకారం పుస్తకాల పుటలకు ముద్రిత వరుససంఖ్యలుండాలి. మొత్తం పుటల సంఖ్యను పుస్తకం జారీచేసిన అధికారి ముఖపత్రంపై ధ్రువీకరించాలి. రిజిస్టరైన దస్తావేజులో పొరపాటుంటే పక్షాలు సవరణ దస్తావేజు రాసుకుంటాయి. పాత నమోదు చెరిగిపోదు; సవరణ దాని తరువాత మరొక నమోదుగా చేరుతుంది.

3. బదిలీకి చట్టం పెట్టిన షరతు:
పుస్తకం శిథిలమయ్యే ప్రమాదం ఏర్పడితే దానిని తిరిగి రాయించే అవకాశాన్ని 51వ సెక్షన్ కల్పించింది. ఇందుకు రిజిస్ట్రార్ లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. నియమానుసారం ధ్రువీకరణ జరగాలి. అప్పుడే ప్రతి మూలగ్రంథం స్థానాన్ని పొందుతుంది. ధ్రువీకరణ లేని నకలుకు, అక్షరాలన్నీ సరిగా ఉన్నప్పటికీ, ఆ హోదా రాదు.

సాఫ్ట్‌వేర్ స్థాపనలోనూ ఇదే వివేకం అవసరం. ప్రోగ్రామును వ్యవస్థలో చేర్చడానికి నిర్వాహకుని అధికారం కావాలి. కానీ ఆ అధికారంతోనే వినియోగదారుని దస్త్రాలను కూడా సృష్టిస్తే, వాటిని తరువాత సవరించడానికి సాధారణ వినియోగదారునికి అనుమతి లేకపోవచ్చు. కొత్త రూపంలోకి మార్చిన సమాచారాన్ని సరిచూడకముందే పాతదాన్ని తొలగిస్తే పొరపాటును సరిదిద్దే ఆధారం పోతుంది.

4. కంప్యూటరీకరణ – 1983 హద్దు:
ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో ‘కార్డ్’ పథకం ద్వారా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలకు కంప్యూటర్లు ప్రవేశించాయి. సూచిక పుస్తకాలను చేతితో తిరగేసి తయారుచేసే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఈసీ, నిమిషాల్లో లభించసాగింది. పుస్తకాలను కంప్యూటర్ మాధ్యమాలలో ఉంచడానికి 2001లో చేరిన 16-ఎ సెక్షన్ కేంద్ర చట్టంలో స్థానం కల్పించింది.

అయితే ఆన్‌లైన్ ఈసీకి ఆధారమైన సమాచారం 1983 జనవరి 1 నుంచి మొదలవుతుంది. అంతకుముందరి లావాదేవీల కోసం కార్యాలయ పుస్తకాలనే ఆశ్రయించాలి. ఉదాహరణకు, 1978లో రిజిస్టరైన భాగపరిష్కార దస్తావేజు ఆన్‌లైన్ ఈసీలో కనిపించదు. వెదికిన కాలానికి లావాదేవీ లేదన్న సమాధానాన్ని కొనుగోలుదారు అసలే లావాదేవీ లేదన్నట్లుగా గ్రహిస్తే, అన్నదమ్ముల వాటాలు దాటి భూమి కొనే ప్రమాదముంది. ఇక్కడ యంత్రం తప్పు చెప్పలేదు. బదిలీకి ఉన్న కాలపరిమితి చదువరి దృష్టికి రాలేదు.

5. ఉపసంహారం:
రికార్డుల బదిలీని కేవలం వేగంతో అంచనా వేయడం సరికాదు. ఏ కాలపు సమాచారం తరలింది, దానిని ఎవరు ధ్రువీకరించారు, మార్చే అధికారం ఎవరి చేతిలో ఉంది, మార్పు జరిగితే పాత నమోదు నిలుస్తుందా అనే ప్రశ్నలకు సమాధానం ఉండాలి. పుట సంఖ్యలు, ధ్రువీకరణ సంతకాలు, పుస్తకానికొక ప్రవేశ నియమం ద్వారా 1908 చట్టం ఈ ప్రశ్నలకు తన కాలానికి తగిన సమాధానాలిచ్చింది. పలుమార్లు సరిహద్దులు మారిన చిత్తూరు–తిరుపతి ప్రాంతంలో 1983కు ముందరి పుస్తకాలు చారిత్రక అవశేషాలు కావు. నేటికీ హక్కులను నిర్ణయించే ఆధారాలు. వాటిని భద్రపరచడం కంప్యూటరీకరణలో అంతర్భాగమే.