సమ్మెట నుండి యంత్రపు చేయి వరకు: సాక్చి నేపథ్యంలో రాతి పని చరిత్ర

భారతదేశపు పారిశ్రామిక చరిత్రలో సాక్చి పేరు ఉక్కుతో ముడిపడి ఉన్నది. సుబర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమానికి సమీపాన, నేటి జార్ఖండ్ రాష్ట్రంలోని తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో వెలసిన పారిశ్రామిక నగరానికి 1919 జనవరి 2న వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్ జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. అంతకు ముందు అది సాక్చి. ఇప్పుడా పేరు నగరంలోని ఒక పేటకు మిగిలింది. అక్కడ తయారైన ఉక్కును గురించి, ఆ కర్మాగారాన్ని సంకల్పించిన జంషెట్‌జీ టాటాను గురించి ఎన్నో గ్రంథాలు వెలువడ్డాయి. కాని కొలిమి నిలబడాలంటే పునాది తవ్వాలి. ఆ నేలలో పునాది తవ్వాలంటే రాయి పగలాలి. ఆ రాయిని పగలగొట్టిన చేతులకు చరిత్రలో దక్కిన చోటు స్వల్పం. అర్ధశతాబ్దం తరువాత ఆ చేతుల పనిని స్వీకరించిన యంత్రాలకు కూడా ఈ నగరమే పుట్టినిల్లు కావడం గమనింపదగిన విషయం.

వడ్డెరల విద్య

దక్షిణాదిన రాతి పని అనగానే స్ఫురించేది వడ్డెరల పేరు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన 'దక్షిణ భారతదేశపు కులాలు, తెగలు' అనే బృహద్గ్రంథంలో వీరిని ఒడ్డెలుగా పేర్కొని, బావులు తవ్వడం, చెరువు కట్టలు పోయడం, రాయి కొట్టడం వీరి వృత్తులని వివరించాడు. రాతి పని చేసేవారు, మట్టి పని చేసేవారు అని వీరిలో రెండు శాఖలున్నాయి. ఓఢ్ర దేశం నుండి వచ్చినవారు కనుక ఈ పేరు వచ్చిందని ఒక ప్రతీతి. రాయలసీమ, తెలంగాణ పల్లెలలోని పాత చెరువులు, దిగుడు బావులు, కోటగోడలు ఇటువంటి శ్రామికుల చెమటతోనే నిలిచాయి.

వారి పరికరాలు కొద్దివి: గునపం, సమ్మెట, ఉలి, ఇనుప చీలలు. వాటి వెనుక ఉన్న పరిజ్ఞానం మాత్రం కొద్దిది కాదు. బండ మీద సమ్మెటతో తట్టి, వచ్చే ధ్వనిని బట్టి లోపల పగులున్నదో లేదో గ్రహిస్తారు. రాయికి ఏ దిశలో పొర ఉన్నదో చూసి, ఆ గీత వెంట వరుసగా గుంటలు తొలుస్తారు. ఒకరు ఉలిని నిలబెట్టి పట్టుకుంటే మరొకరు సమ్మెటతో మోదుతారు. ప్రతి దెబ్బకూ ఉలిని కొద్దిగా తిప్పాలి, లేకుంటే అది రాతిలో బిగుసుకుపోతుంది. తరువాత గుంటలలో చీలలు దింపి, ఈ చివర నుండి ఆ చివరకు ఒక్కొక్క దెబ్బ వేసుకుంటూ పోతే బండ గీత గీసినట్లు విచ్చుకుంటుంది. హంపీ పరిసరాలలోని పెద్ద బండల అంచులలో ఇటువంటి గుంటల వరుసలు నేటికీ కనిపిస్తాయి. పరుపు బండ మీద కట్టెలు పేర్చి కాల్చి, వేడికి పైపొర ఉబ్బి విడివడగా పలకలను లేపడం మరొక పద్ధతి.

ఈ పద్ధతులలోని శాస్త్రీయతను ఆధునిక ఇంజనీరింగు ధ్రువపరుస్తున్నది. నల్లసేనపు రాయి వంటి కఠిన శిల నొక్కుడును ఎంతగానో తట్టుకోగలదు. లాగుడుకు తట్టుకునే శక్తి అందులో పదవ వంతుకు మించి ఉండదు. అందువలన రాయిని పైనుండి నలగగొట్టడం కంటె లోపలి నుండి విప్పడం తేలిక. చీల చేసే పని అదే.

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 నుండి 1852 వరకు గోదావరిపై ఆనకట్ట నిర్మించినప్పుడు దవళేశ్వరం కొండ రాయే ఆధారమయింది. రాతిని చేరవేయడానికి అక్కడ ఇనుప పట్టాలు కూడా వేశారు. కొండను పగలగొట్టినది మాత్రం మనుష్యులే.

సాక్చిలో తొలి పునాదులు

1904లో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ బోస్ మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని ఇనుప ఖనిజాన్ని గురించి జంషెట్‌జీకి లేఖ వ్రాశాడు. అదే సంవత్సరం జంషెట్‌జీ కన్నుమూయగా ఆయన కుమారుడు దొరాబ్జీ ఆ సంకల్పాన్ని ముందుకు నడిపించాడు. 1907 ఆగస్టు 26న కంపెనీ ఏర్పడింది. అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త సి.ఎం. వెల్డ్, ఆయనతో పాటు అన్వేషణ సాగించిన శ్రీనివాసరావు సాక్చి స్థలాన్ని గుర్తించారు. ఇనుప ఖనిజం, బొగ్గు, నీరు, రైలు మార్గం అందుబాటులో ఉండటం దాని ప్రత్యేకత. 1908 ఫిబ్రవరి 27న నేలలో మొదటి గుంజ నాటారు. 1911 డిసెంబరులో తొలి ఇనుము, 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మె వెలువడ్డాయి.

నాలుగేళ్ళలో అడవిని కర్మాగారంగా మార్చిన శ్రమలో సంతాలులు, ఇతర ఆదివాసులు, ఛత్తీస్‌గఢ్ ప్రాంతం నుండి వచ్చిన కూలీలు పాలుపంచుకున్నారు. తట్టలు మోసిన స్త్రీలను అక్కడ 'రేజా'లనేవారు. ఖనిజాన్ని కూడా చాలాకాలం చేతి పనిముట్లతోనే తవ్వి తీశారు. బెంగాల్-నాగపూర్ రైలు మార్గం కోస్తా జిల్లాలను తూర్పు భారతంతో కలిపిన పిమ్మట గంజాం, ఉత్తరాంధ్ర ప్రాంతాల నుండి తెలుగువారు కూడా ఈ ఉక్కు నగరానికి తరలివచ్చి స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు సజీవ సాక్ష్యం.

గాలి ఉలి, రాతి దుమ్ము

ఐరోపాలో ఈ మార్పు ముందుగానే మొదలయింది. ఫ్రాన్సు, ఇటలీల మధ్య ఆల్ప్స్ పర్వతాల క్రింద మాంట్ సెనీ సొరంగాన్ని 1857లో చేతి ఉలులతోనే ఆరంభించారు. 1861లో జర్మెయిన్ సొమ్మెయే రూపొందించిన, సంపీడిత వాయువుతో పనిచేసే యంత్రాలను ప్రవేశపెట్టగా పని వేగం ఎన్నో రెట్లు పెరిగి, 1871లో సొరంగం ప్రారంభమయింది. 1867లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ పేటెంటు పొందిన డైనమైటు తోడు కావడంతో, రంధ్రం తొలిచి మందు కూరి పేల్చడం ప్రపంచమంతటా సాధారణ పద్ధతి అయింది.

వేగంతో పాటు కొత్త ప్రమాదమూ వచ్చింది. చేతి ఉలి రేపే దుమ్ము కంటె యంత్రం రేపే దుమ్ము అధికం, మరింత సూక్ష్మం. అందులోని సిలికా రేణువులు ఊపిరితిత్తులలో చేరి కణజాలాన్ని గట్టిపరుస్తాయి. సిలికోసిస్ అనే ఈ వ్యాధిని నివారించవచ్చు గాని నయం చేయడం సాధ్యం కాదు. 1897లో జాన్ జార్జ్ లేనర్ అనే అమెరికన్ రూపొందించిన బోలు ఉలి యంత్రంలో తొలుత గాలిని పంపగా దుమ్ము మరింత లేచింది. పిదప నీటిని పంపడంతో అది అణిగింది. మన దేశంలో తెలుగు, తమిళ కార్మికులు పెద్దసంఖ్యలో పనిచేసిన కోలారు బంగారు గనులలో 1940 దశకంలో జరిపిన పరీక్షలలో నూటికి నలభై మందికి పైగా ఈ వ్యాధి కనిపించింది.

1967: రెండు సంఘటనలు

1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. సిమెంటు, యంత్రాలు కొరతగా ఉన్న ఆ రోజులలో కాంక్రీటుకు బదులు రాతి కట్టడాన్ని ఎంచుకోవడం వలన వేలాది శ్రామికులకు పని దొరికింది. స్త్రీపురుషులు రాళ్ళు మోసి నిర్మించిన ఆ ఆనకట్ట సుమారు 124 మీటర్ల ఎత్తున, ప్రపంచంలోని అతిపెద్ద రాతి కట్టడపు ఆనకట్టలలో ఒకటిగా నిలిచింది. 1967లో ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు.

అదే 1967లో జర్మనీకి చెందిన క్రుప్ సంస్థ ఎక్స్‌కవేటరు చేతికి అమర్చే హైడ్రాలిక్ సుత్తిని విపణిలోకి తెచ్చింది. ఒకవైపు చేతి శ్రమకు మహాస్మారకం పూర్తి కావస్తుండగా, మరొకవైపు ఆ శ్రమను అనవసరం చేయగల యంత్రం పుట్టింది. ఈ రెంటికీ సంబంధం లేకపోయినా, ఒక యుగసంధిని గుర్తించడానికి ఆ సంవత్సరం ఉపకరిస్తుంది.

జంషెడ్‌పూర్ యంత్రాలు

రైలు ఇంజన్ల కోసం 1945లో జంషెడ్‌పూర్‌లో నెలకొన్న టెల్కో 1961లో ఎక్స్‌కవేటర్ల తయారీకి పూనుకున్నది. తొలి తరం యంత్రాలు ఇనుప తాళ్ళతో నడిచేవి. 1984లో జపానుకు చెందిన హిటాచితో కుదిరిన సాంకేతిక ఒప్పందంతో హైడ్రాలిక్ యంత్రాల తయారీ ఊపందుకున్నది. ఈ విభాగం తరువాత టెల్కాన్ అనే సంస్థగా, 2012 నుండి టాటా హిటాచిగా రూపొందింది. తెలుగునాట మాత్రం ఏ కంపెనీ ఎక్స్‌కవేటరునైనా ఫ్రెంచి సంస్థ పేరుతో 'పొక్లెయిన్' అనే పిలుస్తారు.

హైడ్రాలిక్ యంత్రం రాతి పనికి అనువు కావడానికి కారణం దాని చేతిలో ప్రవహించే నూనె పీడనం. తవ్వే బకెట్టును తొలగించి అదే పీడనంతో మరొక పనిముట్టును నడపవచ్చు. సుత్తిని అమర్చితే అది నిమిషానికి వందల దెబ్బలు వేసి రాతిని నలగగొడుతుంది. డ్రిల్లును అమర్చితే పని మరొక విధంగా సాగుతుంది: ఉలిని మోదడం, తిప్పడం, రంధ్రంలోని పొడిని గాలితో గాని నీటితో గాని వెలికి నెట్టడం, ఈ మూడూ ఏకకాలంలో జరుగుతాయి. ఏటవాలు నేల మీద, కందకాల అంచున, మనిషి నిలువలేని చోట కూడా చేయి చాచి రంధ్రం తొలవడం దీని ప్రత్యేకత. ఇళ్ళ నడుమ పేల్చడానికి వీలు లేనప్పుడు ఆ రంధ్రాలలో హైడ్రాలిక్ చీలను దింపి గాని, నీటితో కలిస్తే ఉబ్బే సున్నపు మిశ్రమాన్ని నింపి గాని బండను చప్పుడు లేకుండా చీలుస్తారు.

పరిశీలించి చూస్తే ఇది వడ్డెరల పద్ధతే. దెబ్బ దెబ్బకూ ఉలిని తిప్పడం, గీత వెంట రంధ్రాలు, లోపలి నుండి విప్పే చీల, అన్నీ ఉన్నాయి. ఇద్దరు మనుష్యులు ఒక పూటంతా శ్రమించి తొలిచే రంధ్రాన్ని యంత్రం నిమిషాలలో తొలుస్తున్నది. మారినది బలమే గాని సూత్రం కాదు. రాతి పొరను చదవలేని వాని చేతిలో నేటికీ యంత్రపు ఉలి బిగుసుకుపోతుంది, విరిగిపోతుంది.

తీరవలసిన ఋణం

యంత్రాన్ని నిందించడం న్యాయం కాదు. ఉలి పట్టుకున్నవాని వ్రేళ్ళను నలగగొట్టిన సమ్మెటను, పేలుళ్ళలో పోయిన ప్రాణాలను మరచి పాత పద్ధతిని కీర్తించడం తగదు. మూసిన గదిలో కూర్చుని నడిపే ఆపరేటరుకు దుమ్ము బెడద చాలావరకు తప్పింది. కాని ఈ మేలు అందరికీ సమంగా అందలేదు. యంత్రం ప్రక్కన నిలబడే సహాయకునికి, రాతిని పొడి చేసే చిన్న కార్ఖానాలలోని కూలీకి రక్షణ అంతంత మాత్రమే. జంషెడ్‌పూర్‌కు దూరం కాని ముసాబని ప్రాంతంలో, కొలిమి లోపలి పూత కోసం తెల్ల క్వార్ట్జ్ రాతిని పొడి చేసే కార్ఖానాలలో పనిచేసిన కార్మికులు సిలికోసిస్‌కు బలయ్యారు. ఉక్కు అవసరం ఏదో ఒక రూపంలో రాతి కూలీ ఊపిరితో ముడిపడే ఉన్నది.

1948 ఫ్యాక్టరీల చట్టం, 1952 గనుల చట్టం సిలికోసిస్‌ను తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా గుర్తించాయి. 1996లో భవన, ఇతర నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. 2019లో రాజస్థాన్ ప్రభుత్వం ఇటువంటి వ్యాధిగ్రస్తుల గుర్తింపు, పునరావాసాల కోసం ఒక విధానాన్ని ప్రకటించింది. ఈ సదుపాయాలు అందాలంటే తాను ఎక్కడ, ఎన్నాళ్ళు పనిచేశాడో కార్మికుడు రుజువు చేసుకోవాలి. ఊరూరా తిరిగి రాయి కొట్టినవారికి, పద్దులలో పేరు లేని కూలీలకు అదే అన్నిటికన్న కష్టమైన పని. వెనుకబడిన తరగతుల జాబితాలో స్థానం లభించినా, కులవృత్తిని కోల్పోయిన వడ్డెర కుటుంబాలకు యంత్రం మీద కూర్చునే అవకాశం దానంతట అది రాదు. రాతిని చదవగల వారి నేర్పుకు యంత్ర శిక్షణను జోడిస్తే ఆ మార్గం తెరుచుకోగలదు.

1908లో సాక్చి నేలలో నాటిన మొదటి గుంజ తేదీ చరిత్రకు తెలుసు. ఆ గుంజ చుట్టూ రాయి పగలగొట్టిన వారి పేర్లు ఏ పద్దులోనూ మిగలలేదు. నేటి యంత్రాల ప్రక్కన పనిచేస్తున్నవారి పేర్లనైనా, వారి ఆరోగ్య పరీక్షల ఫలితాలనైనా పద్దుకు ఎక్కించడం మన తరానికి సాధ్యమైన పని.