మడి నుంచి చేతి పరిశుభ్రతకు: కృష్ణా మెట్ట ప్రాంత పురిటి వైద్యం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
రోగిని తాకే ముందు చేతులు శుభ్రపరచుకోవడం వైద్య సిబ్బంది పాటించవలసిన మొదటి నియమం. మడి, మైల ఆచారాల వల్ల స్నానం, కాళ్లు చేతులు కడుక్కోవడం తెలుగు సమాజానికి ఏనాటి నుంచో అలవాటే. అయినా ఆ అలవాటు పురిటింట తల్లీబిడ్డలను కాపాడలేకపోయింది. కడుక్కోవడం ఎవరి రక్షణ కోసం అన్న ప్రశ్న ఆధారంగా, రెడ్డిగూడెం, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని, ఈ వైరుధ్యానికి కారణాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: మడి, మైల, మంత్రసాని, సూతికా జ్వరం, పురిటి ధనుర్వాతం, చేతి పరిశుభ్రత.

1. ఉపోద్ఘాతం:
రెడ్డిగూడెం, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలు పూర్వపు కృష్ణా జిల్లాలోని మెట్ట భాగానికి చెందినవి. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. 1855లో పూర్తయిన విజయవాడ ఆనకట్ట కృష్ణా డెల్టా రూపురేఖలను మార్చివేసినా, దాని కాలువలు ఈ మెట్టకు అందలేదు. ఊరి బావి, చెరువు, వాన ఇక్కడి జీవనాధారాలు. చాలాకాలం తరువాత నాగార్జునసాగర్ ఎడమ కాలువ కొన్ని గ్రామాలకు సాగునీటిని తెచ్చింది. దూరపు బావి నుంచి బిందెతో నీళ్లు మోసుకొచ్చే ఇంట, పురిటి వేళ చేతులు కడుక్కోవడానికి ఎన్ని నీళ్లు మిగులుతాయన్నది కూడా వైద్య చరిత్రకు సంబంధించిన ప్రశ్నే.

2. అంటు - ఒక మాట, రెండు భావాలు:
తెలుగులో 'అంటు' అనే క్రియకు తాకడం అని అర్థం. అంటరానితనం, అంటురోగం అనే రెండు మాటలూ దానినుంచే ఏర్పడ్డాయి. మొదటిది సామాజిక నిషేధాన్ని, రెండవది రోగవ్యాప్తిని తెలుపుతుంది. పైకి ఒకేలా కనిపించినా వీటి దిశలు వేరు. మడిలో ఉన్న వ్యక్తి తన శుచిని ఎదుటివారి స్పర్శనుంచి కాపాడుకుంటాడు. వైద్యంలో శుభ్రత పాటించే వ్యక్తి ఎదుటివారిని తన స్పర్శనుంచి కాపాడతాడు.

పురుడు మైల. అందువల్ల పురిటింటికి వెళ్లివచ్చినవారు ఆ తరువాత స్నానం చేసేవారు. బొడ్డు కోసే పని చాలాచోట్ల మంగలి, చాకలి, మాల, మాదిగ కులాల స్త్రీలకు అప్పగించబడింది. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలన్న సామెత ఆ వృత్తిలోని నిర్బంధాన్ని తెలుపుతుంది. మైలను స్వీకరించడమే ఆమె పని అని భావించిన సమాజం, పని ముగిశాక ఆమె స్నానాన్ని పట్టించుకుంది గాని, పనికి ముందు ఆమె చేతులను పట్టించుకోలేదు.

అయితే సంప్రదాయంలో ఆ స్పృహ బొత్తిగా లేదనడం సరికాదు. ప్రసవవేళ పరిచర్య చేసే నలుగురు స్త్రీలు గోళ్లు కత్తిరించుకొని ఉండాలని సుశ్రుత సంహిత శారీరస్థానం విధించింది. బయటినుంచి వచ్చినవారు కాళ్లు కడుక్కోకుండా పసిబిడ్డను చూడరాదన్న ఆచారం తెలుగు ఇళ్లలో నేటికీ ఉంది. బిడ్డ రక్షణను కోరిన ఈ ఆలోచన ఉన్నా, పురుడుపోసే చేతికి అది నియమంగా స్థిరపడలేదు.

3. వైద్యుని చేయి, మంత్రసాని చేయి:
హోదాను చూసి చేతిని శుభ్రమైనదిగా భావించడం మన సమాజానికే పరిమితం కాదు. వియన్నా జనరల్ హాస్పిటల్‌లోని రెండు ప్రసూతి విభాగాలలో వైద్యులు, వైద్య విద్యార్థులు పనిచేసే విభాగంలోనే సూతికా జ్వర మరణాలు ఎక్కువగా ఉండేవి. మంత్రసానులు శిక్షణ పొందే విభాగంలో తక్కువ. శవపరీక్ష గదినుంచి నేరుగా వచ్చే వైద్యుల చేతులే కారణమని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ గుర్తించి, 1847 మే నెలలో క్లోరిన్ కలిసిన సున్నపు నీటితో చేతులు కడుక్కోవాలని నిబంధన పెట్టాడు. ఏప్రిల్‌లో 18.3 శాతంగా ఉన్న మరణాలు జూన్‌లో 2.2 శాతానికి తగ్గాయి. అయినా తమ చేతులే మృత్యుకారకాలన్న మాటను నాటి వైద్యులలో చాలామంది అంగీకరించలేదు.

వలస పాలనలో ఈ పాఠం భారతదేశానికి వచ్చేసరికి వేలు మంత్రసాని వైపు తిరిగింది. 1885లో ఏర్పడిన లేడీ డఫరిన్ నిధి, 1903లో లేడీ కర్జన్ నెలకొల్పిన విక్టోరియా స్మారక ఉపకార వేతనాల నిధి మహిళా వైద్యానికి, దాయీల శిక్షణకు తోడ్పడ్డాయి. తెలుగు నేలపై 1883లో గుంటూరు చేరిన డాక్టర్ అన్నా కుగ్లర్ కృషితో 1898లో అక్కడ మిషన్ ఆసుపత్రి ప్రారంభమైంది. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. ఇవన్నీ మేలు చేసినవే. కాని మంత్రసాని అజ్ఞానాన్ని నిందించినంతగా, ఆమెకు నీళ్లు, సబ్బు ఎవరు సమకూర్చాలన్న విషయం చర్చకు రాలేదు.

4. పంచ శుభ్రతలు:
పురిటి ధనుర్వాతం ఈ చరిత్రలో కీలకమైనది. మట్టిలో, పశువుల పేడలో ఉండే సూక్ష్మజీవి, శుభ్రపరచని కొడవలి ద్వారానో, బొడ్డుపై పెట్టిన పేడ ద్వారానో బిడ్డ శరీరంలో ప్రవేశిస్తుంది. కొద్దిరోజుల పసికందు పాలు తాగడం మానేసి, బిగుసుకుపోయి మరణిస్తుంది. స్వాతంత్ర్యానంతరం సాగిన దాయీల శిక్షణలో శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డుపై ఏమీ పూయకపోవడం అనే అయిదు నియమాలు ప్రధానమయ్యాయి. ఈ నియమాలతో పాటు బ్లేడు, దారం, సబ్బు ఉన్న పురిటి సంచి కూడా మంత్రసాని చేతికి వచ్చింది. ఉపదేశానికి ఉపకరణం తోడవడం ఇక్కడి విశేషం.

దీనికి గర్భిణులకు ఇచ్చే ధనుర్వాత టీకా తోడైంది. తల్లులలో, నవజాత శిశువులలో ధనుర్వాతాన్ని నిర్మూలించిన రాష్ట్రంగా దేశంలో మొట్టమొదట 2003లో ఆంధ్రప్రదేశ్ గుర్తింపు పొందింది. దేశమంతటికీ ఆ గుర్తింపు 2015లో లభించింది. ఈ విజయంలో టీకా వాటాను, శుభ్రత వాటాను విడదీసి చెప్పడం కష్టం.

5. నేటి ఆరోగ్య కేంద్రం:
2005లో జనని సురక్ష యోజన, అదే సంవత్సరం ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవ మొదలైన తరువాత, కాన్పులు ఇళ్లనుంచి ఆసుపత్రులకు మరింత వేగంగా తరలాయి. మంత్రసాని చేయి స్థానంలోకి నర్సు, ఏఎన్ఎం చేతులు వచ్చాయి. ఉంగరాలు, గాజులు తీయడం, గోళ్లు పొట్టిగా ఉంచుకోవడం, సబ్బు నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు రుద్దడం నేటి నియమాలు. అయిదవతనానికి గుర్తుగా గాజులు ధరించే స్త్రీని వాటిని తీయమనడం చిన్న కోరిక కాదు. శిక్షకులు ఆ సంకోచాన్ని గుర్తించాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలు చేతి శుభ్రతకు అయిదు సందర్భాలను నిర్దేశించాయి. రోగిని తాకే ముందు, సూక్ష్మజీవిరహితంగా చేయవలసిన పనికి ముందు కడుక్కోవడం రోగి రక్షణకు. రోగి శరీర ద్రవాలు తగిలాక, రోగిని తాకాక, రోగి పరిసరాలను తాకాక కడుక్కోవడం ప్రధానంగా సిబ్బంది, ఆసుపత్రి రక్షణకు. 96 అధ్యయనాలను పరిశీలించి 2010లో వెలువడిన ఒక సమీక్షలో, తాకే ముందు ఈ నియమాన్ని పాటించినది 21 శాతం, తాకిన తరువాత 47 శాతం అని తేలింది. అవి పారిశ్రామిక దేశాల ఆసుపత్రులు. కనుక ఈ లోపానికి మడిని మాత్రమే కారణంగా చూపలేం. తనను తాను కాపాడుకోవాలన్న సహజ ప్రవృత్తి అంతటా ఉంది. మడి దానికి ఆచార రూపాన్ని, కుల క్రమాన్ని ఇచ్చింది. తన రక్షణకు తొడుక్కున్న చేతి తొడుగును మార్చకుండానే మరో రోగిని తాకడంలో ఆ పాత దిశే కొనసాగుతోంది.

6. ముగింపు:
పై పరిశీలనను బట్టి మూడు అంశాలు స్పష్టమవుతున్నాయి. ఒకటి, తెలుగు సమాజంలో కడుక్కునే అలవాటుకు లోటు లేదు. లోటు దాని దిశలో ఉంది. రెండు, వియన్నాలోనైనా మెట్ట పల్లెలోనైనా పుట్టుకనో హోదానో చూసి చేతి శుభ్రతను నిర్ణయించిన చోట రోగి నష్టపోయాడు. మూడు, నీళ్లు, సబ్బు అందుబాటులో ఉంచకుండా శుభ్రతను వ్యక్తిగత బాధ్యతగా మాత్రమే బోధించడం నాటి మంత్రసానికి జరిగిన అన్యాయాన్ని నేటి నర్సుకు కొనసాగించడమే. ప్రసవ గదిలో కుళాయి ఎక్కడ ఉంది, అందులో నీళ్లు వస్తున్నాయా అన్న ప్రశ్నలను సిబ్బంది అలవాట్లపై జరిగే ప్రతి పరిశోధనా మొదట అడగవలసి ఉంది.