గేదెదూడల ఏలికపాములు: ఒక చారిత్రక పరిశీలన

పసిదూడల ప్రేగులలోని ఏలికపాములను గూర్చిన చరిత్ర సాధారణముగా మందుల చరిత్రగానే చెప్పబడుచున్నది. మొదట మోదుగగింజలు, వాయువిడంగములు, వేపాకు రసము. పిదప 1950 ప్రాంతమున పైపరజీను. అటుపై 1961లో థయాబెండజోలు, ఆ తరువాత లెవమిసోలు, ఆల్బెండజోలు, ఐవర్‌మెక్టిను. ఈ క్రమము అసత్యము కాదు గాని, ఇన్ని మందులు వచ్చినను గేదెదూడలు మూడు నెలలైన నిండకుండ ఏల చచ్చుచున్నవను ప్రశ్నకు దానిలో సమాధానము లేదు.

ఈ క్రిమి శాస్త్రమునకు క్రొత్తది కాదు. 1782లో గోయెజె అను జర్మన్ పండితుడు దీనిని వర్ణించెను. 1927లో బ్రెజిల్ దేశీయుడు త్రావాసోస్ దీనికి నియోఆస్కారిస్ అను ప్రజాతిని కల్పించెను. నేడు టాక్సోకేరా విటులోరమ్ అని వ్యవహారము. మన దేశమున పెంపుడు జంతువుల పురుగులను భలేరావు 1935లో ఒక గ్రంథమున క్రోడీకరించెను. ఇంతవరకు వివాదము లేదు.

వివాదమంతయు అది దూడకు ఏ త్రోవన చేరుననుదానిలో నున్నది. దూడ మన్ను నాకుటచేతను, మురికి కొట్టమున పెరుగుటచేతను పురుగులు పట్టునని చిరకాలము నమ్మిరి. అయితే మూడు వారముల దూడ పేడలోనే గ్రుడ్లు కానవచ్చుచుండగా, పుట్టిన పిమ్మట మ్రింగిన గ్రుడ్లే పొదిగి, పెరిగి, మరల గ్రుడ్లు పెట్టుటకు ఆ వ్యవధి చాలదు. ఈ చిక్కును గుర్తించినవారు కుక్కపిల్లల పోలికను బట్టి, సంక్రమణము తల్లి గర్భముననే జరుగునని తలచిరి. 1970 ప్రాంతమున ఆస్ట్రేలియాలో వారెన్ ఆవుపాలలో డింభకములను గుర్తించుటతో విషయము మలుపు తిరిగెను. 1975లో బంగ్లాదేశమున మియా ప్రభృతులు, 1990 నాటికి శ్రీలంకలో రాబర్ట్స్ బృందము, గేదెల యందును పాలే ప్రధానమార్గమని చూపిరి. తల్లి మేతతో మ్రింగిన గ్రుడ్ల నుండి వెలువడిన డింభకములు ఆమె శరీరమున నిద్రాణములై యుండి, ఈత సమయమునకు మేల్కొని, పొదుగును చేరి, తొలినాళ్ల పాలతో దూడ కడుపున ప్రవేశించును. గర్భమార్గము ఎన్నడును సంభవింపదని నేననజాలను. కాని రోగభారమును వివరించుటకు దాని యవసరము కానరాదు. మన్నుసిద్ధాంతమును సయితము పూర్తిగా త్రోసివేయరాదు. దూడ పేడతో నేలబడిన దట్టపు పెంకు గల గ్రుడ్లు చిరకాలము నిలిచి, తల్లి కడుపును మరల చేరుచున్నవి. అనగా మన్ను దోషము తల్లి ద్వారమున దూడకు సంక్రమించుచున్నది.

జున్నుపాలు ఎక్కువ త్రాగిన దూడకు పాములు పెరుగునని పల్లెలలో వినవచ్చు మాటను పరిహసించినవారు తొందరపడిరనియే నా యభిప్రాయము. అందు ఒక సత్యాంశము కలదు. అయినను దానినిబట్టి జున్నుపాలు మాన్పించుట దూడకు ప్రాణాపాయము. రోగనిరోధక శక్తి దానికి ఆ పాల వలననే కలుగుచున్నది.

రాబర్ట్స్ పరిశోధనలలో మిక్కిలి విలువగలది మందు పేరు కాదు, దినముల లెక్క. పది నుండి పదునారు దినముల ప్రాయమున ఒక్క మోతాదు పైరాంటెల్ పట్టించినచో, లేతపురుగులు గ్రుడ్లు పెట్టు వయస్సునకు రాకమునుపే తొలగిపోవును. దూడ బ్రతుకును, కొట్టము శుద్ధమగును. ఇంత సులభమైన యుపాయము ఇన్నేండ్లుగా తెలిసియుండియు ఆచరణలో అరుదుగానుండుట నాకు బాధాకరము. ఊరికి పశువైద్య శిబిరము వచ్చు దినమున మందు పోయు పద్ధతి పసిదూడకు ప్రయోజనకారి కాదు. నాలుగైదు నెలలు నిండిన దూడ నుండి ఈ పురుగులు చాలవరకు తమంతటనే వెడలిపోవుచుండగా, ఆ వయస్సున మందు పోసి లెక్క వ్రాసికొనుట వ్యర్థము. దున్నదూడల యెడ ఉపేక్ష మరింత దారుణము. పాలు పిండుకొనుట కొరకు వానిని ఆకలికి విడుచుట కొందరికి ఆచారమైనది.

పాడిరైతులారా, గేదె ఈనిన తేదీని గోడమీదనైన వ్రాసియుంచుడు. పదవ దినము దాటగానే, పదునారవ దినము లోపల, పశువైద్యుని యడిగి దూడకు మందు పట్టింపుడు. అది పెయ్యయైనను దున్నయైనను.