మూడో కొండ ఎక్కినవాళ్ళు

ఏప్రిల్ 10 జాతీయ సర్వే దినోత్సవం. ఆ సందర్భానికి త్రిభుజాల మీద ఏదైనా రాసివ్వమని ఎడిటరు గారి నుంచి కబురొచ్చిన రోజునే, తిరువూరులో మా అన్నయ్య మనవరాలు ఏడో తరగతి పరీక్షకు అదే పాఠం చదువుతోంది. "రెండు కోణాలు 65, 48. మూడోదెంత తాతయ్యా?" అని అడిగి, నేను వేళ్ళు మడిచేలోపే 67 అని తనే రాసేసింది. పక్కన 'అల్పకోణ త్రిభుజం' అని కూడా. మా రోజుల్లో దాన్ని లఘుకోణ త్రిభుజం అనేవాళ్ళం. పేరు మారినా తీసివేత మారలేదు.

మన పాతవాళ్ళకు త్రిభుజమంటే భుజాలే. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం'లో త్రిభుజాలను సమ, ద్విసమ, విషమ అని మూడు రకాలు చేశాడు. మన సమబాహు, సమద్విబాహు, విషమబాహులు వాటి వారసులే. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నన్నయ భారతానికి అటూ ఇటూగా మనకో లెక్కల పుస్తకం కూడా ఉందన్నమాట. అయితే ఆ లెక్కల్లో గట్టువైపు భుజమెంత, లంబమెంత, వైశాల్యమెంత అన్నదే ధ్యాస. మూడు కోణాలూ కలిపితే రెండు లంబకోణాలన్న యూక్లిడ్ మాట సంస్కృతంలోకి రావడానికి పద్దెనిమిదో శతాబ్దం దాకా ఆగాలి. జయపూరు రాజు జైసింగ్ కొలువులో జగన్నాథ సమ్రాట్ యూక్లిడ్ గ్రంథాన్ని అరబ్బీ నుంచి 'రేఖాగణితం' పేరుతో అనువదించాడు. మధ్యలోని వందల ఏళ్ళను తాపీమేస్త్రుల చేతిలో పెట్టి ముందుకు పోతున్నాను. పునాదికి ముగ్గు పోసేటప్పుడు 3, 4, 5 అడుగుల తాడుతో మూల సరిచూసే మేస్త్రికి కోణమానిని ఎందుకు?

నాకు ఇష్టమైన కథ 1802లో మొదలవుతుంది. ఆ ఏడాది ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర గొలుసు పరిచి సుమారు 12 కిలోమీటర్ల నేలను కొలిచాడు. మొదట నేల మీద గొలుసుతో కొలిచింది ఆ ఒక్క భుజాన్నే. అక్కణ్ణుంచి రెండు కొనల్లోనూ కోణాలు చూసి, త్రిభుజం పక్కన త్రిభుజం అల్లుకుంటూ దేశమంతా పాకాలని పథకం. మధ్యమధ్య మరో చోట గొలుసు పరిచి, లెక్క తప్పలేదని చూసుకునేవాడు. కోణాలు చూసే థియోడొలైట్ బరువు అర టన్ను. లండన్ నుంచి వస్తుంటే ఫ్రెంచివాళ్ళు ఓడను పట్టుకుని మారిషస్‌కు లాక్కుపోయారు. తర్వాత అక్కడి గవర్నరు మర్యాదగా మద్రాసుకు పంపించేశాడు. 1808లో తంజావూరు పెద్దగుడి మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి అది గోడకు కొట్టుకుంది. లాంబ్టన్ ఆరు వారాలు డేరాలో కూర్చుని, వంగిన చక్రాన్ని కొంచెం కొంచెంగా సాగదీసి గుండ్రం చేశాడు. పెళ్ళికొచ్చిన నాదస్వరం సొట్టపడితే విద్వాంసుడు ఎంత తల్లడిల్లుతాడో, ఆయన అంతకన్నా ఎక్కువే తల్లడిల్లి ఉంటాడు.

ఇక్కడే మా మనవరాలికి, లాంబ్టన్‌కు పేచీ. రెండు కోణాలు తెలిస్తే మూడోది తీసివేతే కదా? ఆయన ఒప్పుకోడు. మూడో కొండా ఎక్కి, అక్కడి కోణమూ చూడాల్సిందే. మూడూ కలిపితేనే కొలతలో తప్పెంతో తెలుస్తుంది. పైగా భూమి నల్లబల్ల కాదు, గుండ్రం. దాని మీద గీసిన త్రిభుజంలో మొత్తం 180 డిగ్రీలు దాటుతుంది. సుమారు 197 చదరపు కిలోమీటర్లకు ఒక సెకను చొప్పున పెరుగుతుంది. భుజానికి 50 కిలోమీటర్లుండే సమబాహు త్రిభుజమైతే అయిదున్నర సెకన్లు ఎక్కువ. డిగ్రీకి 3600 సెకన్లు కనుక అది నలుసంతే. ఆ నలుసు కోసం మూడో కొండ.

1818లో లాంబ్టన్‌కు సహాయకుడిగా హైదరాబాదు చేరిన యువకుడు జార్జ్ ఎవరెస్టు. (వాళ్ళింటి పేరును వాళ్ళు 'ఈవ్‌రెస్ట్' అనే పలికేవారట, ఇప్పుడు వినేదెవరు!) అతనికి అప్పగించిన పని నిజాం ఇలాకాలో, కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో. తిరువూరు దాటి పెనుబల్లి వైపు అడుగేస్తే అప్పట్లో నిజాం రాజ్యమే. ఏ కొండ మీద డేరా వేశారోనని ఈ దారిన పోయినప్పుడల్లా బస్సు కిటికీలోంచి వెతుకుతుంటాను. వాన వెలిసిన గాలిలో దూరపు కొండలు తేటగా కనిపిస్తాయని వానకాలంలోనే పని పెట్టుకునేవారు. దోమలదీ అదే కాలం. 1819లో జ్వరం శిబిరమంతా చుట్టేసింది. ఎవరెస్టూ, వెంట వచ్చిన డాక్టర్ వాయ్‌సీ కూడా మంచాన పడ్డారు. రోగులను హైదరాబాదుకు తరలించారు. దారిలోనే కొందరు పోయారు. చెట్లు నరికి చూపుకు దారి చేసినవాళ్ళు, జెండా పట్టుకుని శిఖరం మీద నిలబడినవాళ్ళు, పెట్టెలు మోసినవాళ్ళు. ఎవరెస్టు 1820లో కోలుకోవడానికి కేప్ ఆఫ్ గుడ్ హోప్ వెళ్ళాడు. తర్వాత పెద్ద అధికారై వానకాలపు పని మాన్పించి, చలికాలంలో రాత్రి దీపాలు పెట్టించి కోణాలు చూశాడు. ఆయన పేరు శిఖరానికి ఎక్కింది. మూడో కొండ ఎక్కిన బోయీల పేర్లు ఏ గుట్టకూ లేవు.

అక్కణ్ణుంచి మన కాలానికి వస్తే కథ అంత చక్కగా సాగదు. 2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో మొదలైన భూముల రీసర్వేకు డ్రోన్లు వచ్చాయి, ఉపగ్రహాలతో మాట్లాడే రోవర్లు వచ్చాయి. రోవరు కోణం చూడదు, ఉపగ్రహాలు ఎంత దూరంలో ఉన్నాయో చూస్తుంది. అంటే మళ్ళీ భుజాలే, మల్లన నవ్వుకోవచ్చు. సరిహద్దు రాయి దగ్గర తగాదాలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. ఇక బడిలో పాఠ్యపుస్తకం ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు. పిల్లలు 'ఐసోసెలెస్' అంటారు, సమద్విబాహు అంటే ఏమిటని మమ్మల్నే అడుగుతారు.

సాయంత్రం మనవరాలి చేత ఒక త్రిభుజం గీయించి, మూడు కోణాలనూ కోణమానినితో కొలిచి చూడమన్నాను. గొణుక్కుంటూనే కొలిచింది. కలిపితే 181 వచ్చింది. నా వైపు ఓ చూపు చూసి, రబ్బరు తీసుకుని ఒకటి చెరిపి సున్నా పెట్టింది. లాంబ్టన్ డేరాలోనూ దీపం వెలుగులో ఇదే పని. కాకపోతే సెకన్లలో.