క్వేక్-3 'ఫ్రీ ఫర్ ఆల్'లో గెలవడం ఎలా?

ఎం.ఎస్. చదివే రోజుల్లో మా అపార్ట్‌మెంట్‌లో శుక్రవారం రాత్రి ఒక నియమం ఉండేది. క్వేక్-3లో అందరికన్నా తక్కువ స్కోరు వచ్చినవాడు ఆ రాత్రి గిన్నెలు తోమాలి. నలుగురిలోనూ గురి నాదే బాగుండేదని మిగతావాళ్ళే ఒప్పుకునేవారు. అయినా గిన్నెలు ఎక్కువసార్లు తోమింది నేనే! ఎందుకో అర్థం కావడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. 'క్వేక్ త్రీ అరీనా' ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 1999 డిసెంబరులో విడుదల చేసిన ఆట. ఇందులో 'ఫ్రీ ఫర్ ఆల్' అంటే జట్లు లేవు, ఎవరికి వారే. ఒకరిని చంపితే ఒక పాయింటు, దాన్నే ఫ్రాగ్ అంటారు. మామూలుగా ముందు 20 ఫ్రాగులు చేసినవాడు గెలిచినట్టు. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. మీరు చనిపోతే మీ పాయింట్లు తగ్గవు. మీ రాకెట్ మీకే తగిలి పోయినా, కింద పడి పోయినా మాత్రం ఒక పాయింటు కోత. శూన్యంలో తేలే అరుగుల మీద ఆడే 'లాంగెస్ట్ యార్డ్' మ్యాప్‌లో కొత్తవాళ్ళ స్కోరు మైనస్‌లోకి పోయేది అందుకే.

అంటే ఇది ప్రాణం కాపాడుకునే ఆట కాదు, టైమ్ కాపాడుకునే ఆట అన్నమాట. ఇద్దరే ఆడే డ్యుయల్‌లో ఎదుటివాణ్ణి నిమిషం సేపు వెంటాడినా నష్టం లేదు, స్కోరు మారేది మీ ఇద్దరి మధ్యే కదా. నలుగురున్నచోట ఆ నిమిషంలో మిగతా ఇద్దరూ చెరో మూడు ఫ్రాగులు చేసేస్తారు. నన్ను చంపినవాణ్ణి వెతుక్కుంటూ పోవడమే నా జబ్బు. గురి అంతంతమాత్రంగా ఉన్న మా గుంటూరు రూమ్మేటుకి పగలూ ప్రతీకారాలూ ఉండేవి కావు. ఎక్కడ కాల్పుల చప్పుడు వినిపిస్తే అక్కడికి, కాస్త ఆలస్యంగా, వెళ్ళేవాడు. అప్పటికే సగం చచ్చి ఉన్న ఇద్దరినీ ముగించి రెండు ఫ్రాగులు పట్టుకుపోయేవాడు. "ఒరే, ఇది దొంగతనం రా" అని అరిచేవాళ్ళం. కాదు, అదే ఆట.

లెక్క చూడండి. కొత్తగా పుట్టినవాడి హెల్త్ 125. అది సెకనుకి ఒకటి చొప్పున తగ్గుతూ 100కి వచ్చి ఆగుతుంది. రాకెట్ నేరుగా తగిలినా, రెయిల్‌గన్ తగిలినా పోయేది 100. మిగిలిన 25 కోసం ఇంకో రాకెట్ పేలేలోగా 0.8 సెకను, రెయిల్‌గన్ అయితే 1.5 సెకను ఆగాలి. ఈలోగా ఇంకెవరో తన్నుకుపోతారు. అందరూ చిన్నచూపు చూసే మెషిన్‌గన్ తూటాకి 7 పాయింట్ల నష్టం. నాలుగు తూటాలు తగిలితే 28, పని అయిపోయింది. సెకనుకి పది తూటాలు కాబట్టి అర సెకను కూడా పట్టదు. నేను రెయిల్‌గన్ పట్టుకుని చూస్తూ నిలబడ్డ ఫ్రాగులు ఎన్నో!

ఇకపోతే గడియారం. ఆర్మర్ తీసుకున్న 25 సెకన్లకు, మెగా హెల్త్ 35 సెకన్లకు మళ్ళీ పుడతాయి. ఎర్ర ఆర్మర్ 100, పసుపుది 50. దెబ్బలో మూడింట రెండు వంతులు ఇవే భరిస్తాయి. వీటన్నిటినీ లెక్కపెట్టడం డ్యుయల్ ఆడేవాళ్ళ పని. నలుగురైదుగురు తిరిగేచోట మీ లెక్కని ఎవడో ఒకడు పాడుచేస్తాడు. ఒక్క క్వాడ్ డ్యామేజ్‌ని మాత్రం వదలకండి. పేరుకి నాలుగింతలే గానీ (మొదటి రెండు క్వేక్‌లలో నిజంగానే నాలుగింతలు) ఇందులో దెబ్బ మూడింతలు. ఉండేది 30 సెకన్లు, తీసుకున్నాక మళ్ళీ వచ్చేది 120 సెకన్లకు. 3:10కి ఎవరైనా తీసుకుంటే 5 నిమిషాలకల్లా మీరు ఆ చుట్టుపక్కల ఉండాలి. ఎదురుచూస్తూ నిలబడితే మీరే ఇంకొకరికి ఫ్రాగ్ అవుతారు, పక్క గదుల్లో తిరుగుతూ ఉండండి. మీకు దక్కకపోయినా ఫరవాలేదు. క్వాడ్ ఉన్నవాణ్ణి చంపితే అది కింద పడుతుంది, మిగిలిన సెకన్లు మీవే.

చివర్లో ఒక చిక్కు వస్తుంది. మీకు 17, ముందున్నవాడికి 18, ఆఖరువాడికి 6 అనుకోండి. ఎవరిని చంపినా మీకొచ్చేది ఒకటే, కాబట్టి దగ్గరున్నవాణ్ణే చంపండి. కానీ మీరు ఎవరి చేతిలో చస్తారన్నది మాత్రం ఇప్పుడు ముఖ్యం. ఆఖరువాడికి చిక్కితే ఖర్చు కొన్ని సెకన్లు. ముందున్నవాడికి చిక్కితే వాడికి 19. కాబట్టి తక్కువ హెల్త్‌తో వాడి దారిలోకి పోకండి.

రూమ్మేట్లు లేనివారు బాట్‌లతో సాధన చెయ్యవచ్చు. ఐదు స్థాయిల్లో మూడవదైన 'హర్ట్ మీ ప్లెంటీ' మొదలుపెట్టడానికి సరిపోతుంది. ఐదవదైన 'నైట్‌మేర్'లో వాటి గురి మరీ అన్యాయం. నాలుగు బాట్‌లను పెట్టుకుని, ఒక ఆట మొత్తం ఎవరినీ వెంటాడకుండా ఆడి చూడండి. మొదటి ఐదు నిమిషాలూ చేతులు దురదపెడతాయి.